నిర్మల టీచరుగారి ఐదో మాట

నిర్మల టీచరుగారివి కట్టుడు పళ్ళన్న సంగతి రాజోలు మొత్తం మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి పోయిన వానాకాలంలో కన్నుమూసింది.

ఆవిడ నిర్మల అక్క మరియమ్మ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా ఉద్యోగం చూసుకుంది. నిర్మల అసలు పెళ్ళే చేసుకోలేదు. హైస్కూల్లో తెలుగు చెప్పేది. ఇద్దరూ కలిసి కాలవగట్టు వీధిలో రెండు గదుల డాబా కట్టుకుని, ఎవరి జీతం వారు తెచ్చుకుంటూ, ఒక పొయ్యి మీద వండుకుంటూ బతికారు.

యాభై దాటాక నిర్మలకు షుగరు వచ్చింది. దానికి చిగుళ్ళ జబ్బు తోడయి పళ్ళన్నీ కదిలిపోయాయి. "పాఠం చెప్పే నోరు. అలా వదిలేస్తే ఎలాగే" అని అక్కే వేసవి సెలవుల్లో అమలాపురం తీసుకువెళ్ళి ఉన్నవన్నీ పీకించింది. సెలవులు చాలక మెడికల్ లీవు పెట్టించింది. ఆ లీవులో ఇల్లు కదలనివ్వకుండా, ఎవరైనా వస్తే "చెల్లికి జ్వరం" అని గుమ్మంలోంచే పంపేసింది. లీవు అయ్యేసరికి పై వరస, కింది వరస రెండూ కొత్తవి తయారై వచ్చాయి. బళ్ళో పిల్లలు కనిపెట్టలేదు. తోటి టీచర్లు "కొంచెం చిక్కేరండి" అన్నారు, అంతే.

సెట్టు పెట్టుకునే విధానం కూడా అక్కే నేర్పింది. పళ్ళు బిగించిన పళ్ళెం శుభ్రంగా తోమి తుడిచి, ట్యూబులోంచి పేస్టు శనగగింజంత చొప్పున అక్కడక్కడ పెట్టి, చిగురుకి ఆనించి కాసేపు నొక్కి పట్టుకోవాలి. "ఎక్కువ పెడితే ఎక్కువ పడుతుందనుకోకు. పక్కల్నుంచి ఊరి గొంతులోకి దిగుతుంది. అతుక్కునేదాకా టీ తాగకు, వేడికి కరిగిపోతుంది" అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

మొదటి ఏళ్ళలో ఆ పేస్టు గట్టిదే. పొద్దున్న ప్రార్థన చేసుకుని పెట్టుకుంటే రాత్రి దుప్పటి కప్పుకునే దాకా కదిలేది కాదు. రిటైరయ్యే నాటికి అది సాయంత్రం టీ దాకా వచ్చింది. తరవాత తరవాత మధ్యాహ్నం భోజనం దాకానే వచ్చేది. అన్నం తింటుంటే పై పళ్ళెం నాలుక మీదకు జారేది. జామకాయ, జంతిక, వేరుశనగుండ లాంటివి ఎప్పుడో మానేసింది. ఇప్పుడు మెత్తటి ఇడ్లీ కూడా నలుగురిలో తినాలంటే భయం.

అందుకని నలుగురిలో తినడమే మానేసింది. వాళ్ళ చర్చి గుడిలో ప్రేమ విందని అందరికీ భోజనాలు పెడితే ఆరాధన కాగానే పక్కదారిన ఇంటికి వచ్చేసేది. పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేసి, భోజనాల పిలుపు వచ్చేలోపు బయటపడేది. "కాస్త ఎంగిలిపడి వెళ్ళండి టీచరుగారూ" అంటే, "షుగరండి, బయటివి తినకూడదన్నారు" అనేది. మొదట్లో బతిమాలారు. తరవాత "టీచరుగారికి మన తిండి ఎక్కడ ఆనుతుంది" అనుకున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది కూడా. కాలక్రమాన పిలవడం మానేశారు.

రాత్రి మాత్రం వేరు. తలుపు గడియ పెట్టగానే పళ్ళు తీసి గిన్నెలో నీళ్ళలో వేసేది. అక్క చారన్నం మెత్తగా పిసికి చెరిసగం పెట్టేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఊళ్ళో సంగతులు చెప్పుకుంటూ, నోరు ఎలా కనబడుతుందోనన్న చింత లేకుండా నిర్మల తినేది, నవ్వేది. "నీ నవ్వు అచ్చం నాయనమ్మ నవ్వే" అనేది మరియమ్మ. రోజంతటిలోకి నిర్మలకు ఒళ్ళు తేలికపడేది ఆ ఒక్క పూటే.

అక్క పోయాక ఆ పూట కూడా పోయింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా పడుకోబోయే దాకా పళ్ళు పెట్టుకునే ఉండేది. ఎవరైనా తలుపు కొడితే లోపలి నుంచి "ఆయ్, వస్తున్నానండి" అని చెప్పడానికి ఇప్పుడు తనే ఉంది.

ఆ చలికాలం వెళ్ళి, ఈస్టరు ముందటి ఉపవాస దినాలు మొదలయ్యాక, ఒక ఆదివారం ఆరాధన అయిన తరవాత జోజి అయ్యగారు ఆమెను ఆపాడు. ఆయన ఆ సంఘానికి పాస్టరు. నెమ్మదైన మనిషి.

"టీచరుగారూ, గుడ్ ఫ్రైడే దగ్గరికొచ్చేసిందండి. ఐదో మాట మీరు చెప్పాలి" అన్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద సంఘంలో ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట దాహం గురించినది. ఎన్నో ఏళ్ళుగా అది మరియమ్మదే. వార్డులో రోగుల దాహం చూసిన మనిషి కాబట్టి, ఆవిడ చెబుతుంటే జనం కదలకుండా వినేవారు.

"ఆయ్, అలాగేనండి" అనేసింది నిర్మల. అక్క స్థానంలో పిలిచారన్న సంతోషమే ముందు తోచింది. గేటు దాటి కాలవగట్టు ఎక్కిన తరవాత గాని అసలు సంగతి గుర్తుకు రాలేదు. తన వంతు వచ్చేసరికి రెండు దాటుతుంది. పొద్దున్న పెట్టిన పేస్టు అప్పటిదాకా ఉండదు.

మరునాటి నుంచి ఇంట్లో అభ్యాసం చేసింది. చెప్పదలచుకున్నది మనసులో కూర్చుకుని, గోడ గడియారం ఎదురుగా నిలబడి, బళ్ళో పాఠం చెప్పినట్టు పెద్దగా చెప్పేది. పేస్టు ఎక్కువ పెట్టి చూసింది. అక్క చెప్పినట్టే పక్కల్నుంచి ఊరింది, పట్టు మాత్రం పెరగలేదు. ఆలస్యంగా పెట్టి చూసింది. మందుల షాపులో ఇంకో కంపెనీది, పొడిరకం, కొనుక్కొచ్చి చూసింది. ఊరికే కూర్చుంటే నిలిచేది. గొంతెత్తి మాట్లాడితే కాసేపటికే పై పళ్ళెం టిక్కుమని కదిలేది. ఒట్టి ఇంట్లో ఆ చిన్న చప్పుడు ఆమెకు చాలా పెద్దగా వినబడేది.

చివరికి అమలాపురం బస్సెక్కింది. సెట్టు కట్టిన పాత డాక్టరు లేడు. ఆ గదిలోనే ఇప్పుడు అనిత అని ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. పళ్ళెం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నిర్మల నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమి చూసింది.

"ఇది చేయించుకుని చాలా ఏళ్ళైనట్టుందండి."

"పదేళ్ళు దాటిందండి."

"సెట్టుకేం కాలేదండి. చిగురు కింద ఎముక కరిగిపోయింది. పళ్ళు తీయించుకున్నవాళ్ళకి అది ఏటా కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. ఇది అప్పటి నోటికి కొలిచి చేసింది. ఇప్పుడు ఆ నోరు లేదు కదండి."

"ఇంకేదైనా మంచి పేస్టు ఉంటే చెప్పండమ్మా."

"పేస్టు చిన్న సందునైతే కప్పుతుందండి. ఇంత సందు ఏ పేస్టూ కప్పలేదు. మీరు ఎంత పెడుతున్నారో చిగుళ్ళు చూస్తేనే తెలుస్తోంది, వాచిపోయి ఉన్నాయి. కొత్త సెట్టు చేద్దాం. దానికి ముందు కొన్నాళ్ళు ఇది తీసేసి ఉంచాలి, ఆ వాపు తగ్గాకే కొలత తీయాలి."

"కొన్నాళ్ళంటే, బొత్తిగా పళ్ళు లేకుండానా?"

"ఇంటి పట్టునే ఉంటారు కదండి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఎవరూ ఉండరమ్మా."

"అయితే ఇంకేం, సులువే కదండి" అంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి మంచికే అంది.

నిర్మల పళ్ళెం తీసుకుని నోట్లో సర్దుకుంది. "గుడ్ ఫ్రైడే వెళ్ళాక వస్తానమ్మా. ఆ రోజు గుళ్ళో మాట్లాడాలి. ఆ ఒక్కరోజుకీ ఏం చెయ్యమంటారు?"

"నోరు ఎండనివ్వకండి. తడి తగిలితేనే ఆ పేస్టు జిగురొచ్చి పట్టుకునేది. మీకు షుగరు మందులకి ఎలాగూ నోరు పొడిగానే ఉంటుంది. మాట్లాడే ముందు గుక్కెడు నీళ్ళు తాగండి. మధ్య మధ్యలో కూడా."

"ఆ రోజు మేం నీళ్ళు ముట్టమండి" అంది నిర్మల.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లేచింది.

తిరుగు బస్సులో, బోడసకుర్రు వంతెన మీద గాలి ముఖానికి కొడుతుంటే, నిర్మల ఆ మాటే ఆలోచించింది. వాళ్ళ నాన్న నాటి నుంచీ ఆ ఇంట్లో గుడ్ ఫ్రైడే నాడు మూడింటి దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. షుగరు వచ్చాక అక్క నిర్మలను మందు వేసుకుని ఏదైనా తినమని పోరేది. తినేది గాని, నిర్మలకు ఏడాది పొడుగునా అది గుచ్చుకుంటూనే ఉండేది. మరియమ్మ మాత్రం పోయే ముందటి ఏడు, ఒంట్లో సత్తువ లేకపోయినా, తడి గుడ్డతో పెదాలు తుడుచుకుని వెళ్ళి మాట్లాడి వచ్చింది. నీళ్ళు తాగి వెళ్ళి అక్క చోట నిలబడి దాహం గురించి చెప్పడానికి నిర్మల మనసు ఒప్పలేదు.

గుడ్ ఫ్రైడే నాడు పొద్దున్న లేచి మందు వేసుకుని ఒక ఇడ్లీ తింది. ఆ తరవాత చుక్క నీళ్ళు ముట్టలేదు. బయల్దేరబోయే ముందు పళ్ళు శుభ్రం చేసి, పేస్టు పెట్టి, అద్దం ముందు నిలబడి చాలాసేపు నొక్కి పట్టుకుంది. తెల్ల చీర కట్టుకుంది. సంచిలో నీళ్ళ సీసా పెట్టుకుంది. తాగాలని కాదు. ఉంటే ధైర్యమని.

గుడి నిండిపోయింది. ఏప్రిల్ ఎండకు పైరేకులు కాగిపోతున్నాయి. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో, అక్క ఎప్పుడూ కూర్చునే చోట ఖాళీ వదిలి, పక్కన కూర్చుంది నిర్మల. ఎవరూ ఆ ఖాళీలోకి రాలేదు. ఒకటో మాట, రెండో మాట, మూడో మాట అయ్యాయి. పాటల్లో ఆమె పెదాలు మాత్రం కదిపింది. నోట్లో తడిని పొదుపుగా దాచుకుంది.

నాలుగో మాట బెంజమిన్‌గారిది. ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరైన పెద్దాయన. మొదలుపెడితే ఆపడం ఆయన వల్ల కాదని అందరికీ తెలుసు. ఆయన మాట్లాడుతుండగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆయన మైకు లేకపోయినా గొంతు పెంచి సాగించాడు. నిర్మల నాలుకతో అంగిలి తడుముకుంది. తడి లేదు. నాలుక పళ్ళెం మీద గరుగ్గా తగిలింది. సంచిలో సీసా చేతికి తగులుతూనే ఉంది. వెనక అయ్యగారి వస్త్రాల గదిలోకి వెళ్ళి ఒక్క గుక్క తాగి వస్తే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. లేవబోయి, పక్కనున్న ఖాళీ చోటు చూసి మళ్ళీ కూర్చుంది.

"ఐదో మాట, నిర్మల టీచరుగారు" అన్నాడు జోజి అయ్యగారు.

ఆమె వెళ్ళి బల్ల ముందు నిలబడింది. మైకు లేదు కాబట్టి గొంతు ఎత్తాల్సి వచ్చింది. మొదటి మాటలు బాగానే వచ్చాయి. ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు రోగికి నీళ్ళివ్వరనీ, ఆ దాహాన్ని అక్క ఎలా చూసేదో, తడిపిన దూదితో పెదాలు ఎలా అద్దేదో చెప్పింది. బళ్ళో చెప్పినట్టే, తొందర లేకుండా చెప్పింది. జనం వింటున్నారు. ఇంక కొంచెమే ఉంది.

"పోయే ముందు రోజు మా అక్క నన్ను నీళ్ళడిగింది. ఇవ్వకూడదన్నారు డాక్టర్లు. నేను దూది తడిపి..."

పై పళ్ళెం ఊడిపోయింది. టిక్కుమనలేదు, మెల్లగా చిగురు వదిలి నాలుక మీదికి దిగింది. నిర్మల గబుక్కున పెదాలు బిగించింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. నాలుకతో పైకి నెట్టింది, నిలవలేదు. మళ్ళీ నెట్టింది. ఎండిన అంగిలికి అది ఆనడం లేదు. నోరు తెరిస్తే అందరి ఎదుటా కింద పడుతుంది. తెరవకుండా మాట రాదు. అలా నిలబడిపోయింది.

గుడి అంతా చడీచప్పుడు లేదు. ముందు బెంచీలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇంకొకరు కొంగు కళ్ళకు అద్దుకున్నారు. చూస్తుండగా ఆడవాళ్ళ వైపు అందరూ ఏడుస్తున్నారు. మగవాళ్ళలో బెంజమిన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళు ఎందుకు ఏడుస్తున్నారో నిర్మలకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. జోజి అయ్యగారు మెల్లగా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, పాట ఎత్తుకుంటూ బెంచీ దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

మూడింటికి ఆరాధన అయింది. ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. భుజం మీద చేతులు వేశారు. "ఊరుకోండి టీచరుగారూ", "ఎన్నాళ్ళు లోపల దాచుకున్నారో" అన్నారు. ఎన్నో ఏళ్ళ తరవాత అంతమంది ఆమెను ముట్టుకున్నారు. ఆమె పెదాలు బిగించి తల ఊపింది. అంతమంది చేతుల మధ్య నిలబడి, ఇంటికి ఎప్పుడు పోతానా అనుకుంది.

ఇంటికొచ్చి తలుపు వేసి, పళ్ళు తీసి గిన్నెలో పడేసి, కుండలో నీళ్ళు గ్లాసు మీద గ్లాసు తాగింది. తాగి, వంటింటి గుమ్మంలో కూలబడింది. సిగ్గు కంటే పెద్దదేదో ఆమెను పట్టుకుంది. అక్కకోసం తను ఏడ్చిందని ఊరంతా అనుకుంటోంది. తను ఏడవలేదు.

సమాధి చేసిన రోజున కూడా ఏడవలేదు. ఆ రోజు తెల్లవారుజామునే పళ్ళు పెట్టుకుంది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. మళ్ళీ పేస్టు పెట్టుకునే వీలు చిక్కలేదు. సాయంత్రం గుంటలోకి పెట్టె దింపుతుంటే లోపలి నుంచి ఏదో తన్నుకొచ్చింది. నోరు తెరిచి ఏడిస్తే పళ్ళు జారిపోతాయని పెదాలు నొక్కి పట్టింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. "గట్టి మనిషండి" అన్నారు ఎవరో వెనకాల. ఆ ఏడుపు లోపలే అణిగిపోయింది. తరవాత ఒంటరిగా కూర్చుని ఏడుద్దామన్నా రాలేదు.

తలుపు చప్పుడైంది. "టీచరుగారూ, నేనండి, రత్నాన్ని" అని వినిపించింది. జోజి అయ్యగారి భార్య. నిర్మల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. రత్నం చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"సగ్గుబియ్యం జావండి. మీరు పొద్దుటి నుంచీ ఏం తీసుకోలేదు. అలాగే వచ్చేసేరు. మా ఆయన పంపేరు" అంటూ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. "మా ఆయన అన్నారండి, ఇవాళ ఏడు ప్రసంగాల్లోకీ మీరు మాట్లాడకుండా నిలబడ్డదే గొప్ప ప్రసంగమని."

నిర్మలకు ఇంక ఆ బరువు మొయ్యడం వల్ల కాలేదు. కొంగు అడ్డం పెట్టుకునే, "అది ఏడుపు కాదండి రత్నంగారూ. పళ్ళు జారిపోయాయి" అంది. పళ్ళు లేని నోట్లోంచి, గుడ్డలోంచి, ఆ మాట సగం గాలిగా వచ్చింది.

"ఆయ్ అండి. అందరి చేతుల్లోంచీ జారిపోయేరు మరియమ్మగారు. ఎంత మంచి మనిషండి" అంది రత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

నిర్మల లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెలోంచి పళ్ళు తీసి తడితడిగానే నోట్లో పెట్టుకుని వచ్చింది. పై పళ్ళెం బొటనవేలితో అదిమి పట్టుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"నావి కట్టుడు పళ్ళండి. పేస్టు పట్టు వదిలేసింది. పళ్ళు కింద పడిపోతాయని నోరు మూసుకున్నాను. నేను ఏడవలేదు."

బయట కాలవలో ఎవరో బట్టలు జాడిస్తున్న చప్పుడు వినబడుతోంది.

"అసలు ఏడవలేదాండి?" అంది రత్నం.

"లేదు. సమాధి దగ్గర కూడా లేదు. అప్పుడూ ఇదే భయం."

నిర్మల ఎదురుగా కూర్చుని జావ గిన్నె మూత తీసింది. "ఇవి పెట్టుకుని తాగలేనండి" అని, పళ్ళు రెండు వరసలూ తీసి బల్ల మీద ప్లేటులో పెట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం ముక్కు వైపు లేచింది. రత్నం ముందు చూపు తిప్పుకుంది. ఆ తరవాత తిప్పుకోలేదు. నిర్మల స్పూనుతో జావ తాగుతున్నంతసేపూ అక్కడే కూర్చుంది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "నేనెవరికీ చెప్పనండి" అంది రత్నం.

నిర్మల చెయ్యి ఊపింది. చెప్పినా ఫర్వాలేదనే ఆమె ఉద్దేశం. రత్నానికి ఎలా తోచిందో.

మర్నాడే డాక్టరమ్మకు ఫోను చేసి, పళ్ళు తీసేసి ఇంట్లో ఉండిపోయింది. ఈస్టరు తెల్లవారుజామున వీధిలోంచి జనం కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ సమాధుల తోటకు వెళుతుంటే కిటికీ రెక్క చాటునుంచి చూసింది. మధ్యాహ్నం పక్కింటి పార్వతి కాలవగట్టు మీద నిలబడి గోడ మీదుగా చెప్పింది. పార్వతి వాళ్ళది గుడికి వచ్చే కుటుంబం కాదు. గుడిలో చెప్పేది మైకులో వినబడుతుంది.

"ఇవాళ మీ అయ్యగారు మీ గురించే చెప్పేరండి టీచరుగారూ. దుఃఖాన్ని మాటల్లో పెట్టకుండా ఎలా చెప్పాలో మీరు చూపించేరట."

రత్నం చెప్పలేదన్నమాట. లేక చెప్పినా, ఆయనకు ఆ సంగతి ఇలాగే బాగుందన్నమాట. నిర్మల నోటికి కొంగు పెట్టుకుని నవ్వింది. ఇంట్లోకి వచ్చాక కూడా నవ్వు ఆగలేదు. అక్క ఉంటే ఈ ముక్క చెప్పి ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. అటు చూసింది. అక్క మంచం మీద దుప్పటి మడతపెట్టినది మడతపెట్టినట్టే ఉంది.

సోమవారం పట్టపగలు, జనం ఇళ్ళల్లో పడుకునే వేళ చూసి, గొడుగు వేసుకుని సమాధుల తోటకు వెళ్ళింది. తోటలో ఎవరూ లేరు. సమాధుల మీద కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తుల మైనం, వాడిన బంతిపూలు. మరియమ్మ సమాధి మీద కూడా ఎవరో వెలిగించి వెళ్ళారు. ఎవరో తెలియదు. నిర్మల గొడుగు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. గోటితో మైనం గీకుతూ, "నీళ్ళియ్యలేదే నీకు" అంది. ఆ మాట వెనకాలే ఏడుపు వచ్చింది. నోరంతా తెరుచుకుని, దాచడానికి ఏమీ లేని బోసి నోటితో, గొంతు పోయేలా ఏడ్చింది. కొబ్బరితోట అవతల ఎవరో పశువులను అదిలిస్తున్న కేక ఒకసారి వినబడి ఆగిపోయింది. ఎవరూ రాలేదు. ఏడ్చి ఏడ్చి, కాళ్ళు తిమ్మిరెక్కాక, చీర దులుపుకుని లేచింది.

చిగుళ్ళ వాపు తగ్గింది. కొలతలకని, మైనం అచ్చుతో సరిచూడడానికని అమలాపురం చుట్టూ చాలాసార్లు తిరిగింది. నెల తిరక్కుండానే కొత్త సెట్టు వచ్చింది. పెట్టుకుని చూస్తే పేస్టు లేకుండానే కరుచుకుని కూర్చుంది. "అవసరమనిపిస్తే పొద్దున్న కొంచెం పెట్టుకోండి, అంతే. ఇవి కూడా ఎల్లకాలం ఇలాగే ఉంటాయనుకోకండి. ఏడాదికోసారి చూపించండి" అంది అనిత డాక్టరమ్మ. తరవాతి వారం మళ్ళీ రమ్మని, ఒరుసుకుంటున్న చోట అరగదీసి సరిచేసింది. అద్దం ఇచ్చింది. ముఖం నిండుగా, కొంచెం కొత్తగా ఉంది. ఈ ముఖాన్ని అక్క చూడలేదు కదా అనుకుంది నిర్మల.

బయటికి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. బస్టాండు పక్కన హోటల్లోంచి నెయ్యి కాగిన వాసన వచ్చింది. ఎన్నడూ లేనిది, ఆగి లోపలికి వెళ్ళింది. ఖాళీ బల్లలు లేవు. ఒక మూల భార్యాభర్తలు, ఓ ముసలామె తింటున్న బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

"కూర్చోండి, కూర్చోండి" అంది ముసలామె, తన సంచి ఒళ్ళోకి తీసుకుంటూ.

పెసరట్టు చెప్పింది నిర్మల. వచ్చాక చిన్న ముక్క తుంచి, అల్లప్పచ్చడి అద్దుకుని నోట్లో పెట్టుకుంది. రెండు పక్కలా సమంగా నమిలింది. పళ్ళు కదల్లేదు. ఇంకో ముక్క తుంచింది.

"ఏ ఊరండి?" అంది ముసలామె.

"రాజోలండి."

"మాది కొత్తపేట అవతల పలివెలండి. మా అబ్బాయీ కోడలూ కళ్ళు చూపిద్దామని తీసుకొచ్చేరు. మీతో ఎవరొచ్చేరు?"

"ఎవరూ లేరండి. ఒక్కదాన్నే వచ్చేను."

"అయ్యో, ఒక్కరే తింటన్నారా" అని, ఆవిడ తన ప్లేటులోంచి గారె ఒకటి తీసి, అడక్కుండానే నిర్మల ప్లేటులో పెట్టేసింది. "మా కోడలు రెండు చెప్పింది. నాకెక్కువండి. తినండి, వేడిగా ఉంది."

నిర్మల ఆ గారె కొరికింది. కరకరలాడింది. నవ్వి, "బాగుందండి" అంది. ముసలామె ఆమె నోటి వైపు చూసింది, తరవాత తన గ్లాసు వైపు చూసింది, తరవాత బస్సుల వైపు చూసింది. ఆ చూపులో విశేషమేమీ లేదు.

కాసేపటికి వాళ్ళు ముగ్గురూ లేచారు. "వస్తామండి" అని ముసలామె కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. బల్ల తుడిచే మనిషి వాళ్ళ ప్లేట్లు తీసుకుపోయాడు. నిర్మల ప్లేటు కూడా ఖాళీ అయింది. రాజోలు బస్సు వచ్చి నిలబడింది, కండక్టరు ఊళ్ళ పేర్లు కేకేస్తున్నాడు.

"ఇంకేమైనా కావాలాండి?" అని అడిగాడు సర్వరు.

ఆకలి లేదు. పక్క బల్ల వాళ్ళు ఏదో పెళ్ళి సంబంధం గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు.

"ఒక ఇడ్లీ తెండి. తొందరేం లేదు" అంది నిర్మల, సంచి కుర్చీకి తగిలించి సర్దుకు కూర్చుంటూ.